కరోనా జ్వరంలో రోజుల లెక్క: ఉద్దానం ఇళ్లలో రోగిని కనిపెట్టుకునే పద్ధతి

కరోనా జ్వరంలో ఎక్కువ చేటు చేసే పొరపాట్లు రెండు. జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ సూది వేయించడం ఒకటి. ఆరో రోజుకి ఒళ్లు చల్లబడింది కదా అని ఆక్సిజన్ చూడటం మానేయడం ఇంకొకటి. ఈ వైరస్ మన ఒంటి తొలి రక్షణను ఎప్పుడు, ఎలా తప్పించుకుంటుందో తెలిస్తే రెండూ జరగవు. టీకాల వల్ల, ఇదివరకే ఒకసారి వచ్చి పోవడం వల్ల ఇప్పుడు చాలామందికి తేలిగ్గానే పోతోంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

లోపల జరిగేది

వైరస్ కణంలో దూరి తన ఆర్‌ఎన్‌ఏకు (జన్యు సమాచారం ఉండే పోగుకు) నకళ్లు తీసుకునేటప్పుడు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అంత పొడుగు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ మన కణంలో మామూలుగా తిరగదు. అందుకే రిగ్-ఐ, ఎండీఏ5 అనే ప్రోటీన్లు దాన్ని చూడగానే పసిగడతాయి. కబురు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీది మావ్స్ అనే ప్రోటీన్‌కు, అక్కడి నుంచి కేంద్రకానికి చేరుతుంది. అప్పుడు కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్‌ను తయారుచేసి బయటికి వదులుతుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టింది దీన్నే. ఇది తగిలిన ఇరుగుపొరుగు కణాలు వందలాది జన్యువులను పనిలోకి దింపి, వైరస్ వచ్చేలోపే సిద్ధంగా ఉంటాయి.

కరోనా వైరస్ ఈ దారిలో ప్రతి మెట్టు దగ్గరా అడ్డం పడుతుంది. నకళ్లు తీసే పని రెండు పొరల తిత్తుల్లో దాచి పెట్టుకుంటుంది కాబట్టి కాపలా ప్రోటీన్లకు అది కనబడదు. ఎన్‌ఎస్‌పీ14, ఎన్‌ఎస్‌పీ16 అనే దాని ఎంజైములు వైరస్ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో మన ఆర్‌ఎన్‌ఏకు ఉండేలాంటి రసాయన టోపీ తయారుచేస్తాయి, దాంతో అది మనదే అనిపిస్తుంది. ఎన్‌ఎస్‌పీ15 అయితే పట్టిచ్చే ముక్కలను కత్తిరించేస్తుంది. కబురు మధ్యలోనే ఆగేలా ఓఆర్‌ఎఫ్9బీ అనే వైరస్ ప్రోటీన్ మైటోకాండ్రియా దగ్గర టామ్70 అనే మన ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అది కూడా దాటి వచ్చిన సంకేతాన్ని ఓఆర్‌ఎఫ్6 అనే ఇంకో వైరస్ ప్రోటీన్ కేంద్రక ద్వారం దగ్గర నిలిపేస్తుంది.

వీటన్నిటిలోకీ మొరటుది ఎన్‌ఎస్‌పీ1 అనే వైరస్ ప్రోటీన్. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లో ఎంఆర్‌ఎన్‌ఏ (తయారీ ఉత్తరువు మోసే ఆర్‌ఎన్‌ఏ) దూరే సందు ఒకటుంటుంది. ఎన్‌ఎస్‌పీ1 తన తోకను ఆ సందులో దోపుతుంది, రైసు మిల్లు తొట్టి మూతిలో గోనెసంచి కుక్కినట్టు. ఇంటర్‌ఫెరాన్ తయారు చేయమన్న ఉత్తరువు వచ్చినా సరుకు బయటికి రాదు. వైరస్ ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉన్న చిన్న మడత మాత్రం ఈ అడ్డును తప్పించుకుంటుంది. అంటే మన పని ఆగిపోతుంది, దాని పని సాగిపోతుంది.

ఫలితంగా మొదటి రోజుల్లో వైరస్ గబగబా పెరుగుతుంది, మనిషికి మాత్రం పెద్దగా ఏమీ తెలియదు. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే ఇంట్లో వాళ్లకు అంటిస్తాడు. జబ్బు ముదిరేవాళ్లలో ఆలస్యంగా మేలుకున్న రక్షణ ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలను ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతినేది ఎక్కువగా అప్పుడే, సాధారణంగా రెండో వారం మొదట్లో. ప్రాణాపాయ స్థితికి చేరిన రోగుల్లో కనీసం పదింట ఒకరికి తమ ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు ఉన్నాయని 2020లో తేలింది. వయసు 70 దాటినవాళ్లలో ఇవి ఎక్కువ.

మొదటి రోజు ఏది?

రోజులను జ్వరం వచ్చిన నాటి నుంచి లెక్కపెట్టొద్దు. గొంతు గరగర, ఒళ్లు నొప్పులు, దగ్గు, జ్వరం, వీటిలో ఏది ముందొస్తే ఆ రోజే ఒకటో రోజు. క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ గీత గీయండి. అయిదు నుంచి పది వరకు ఉన్న రోజుల కింద ఇంకో గీత కొట్టండి. కళ్లు పెట్టుకుని చూడాల్సిన రోజులు అవే.

ఇంట్లో చేసుకునే యాంటిజెన్ కిట్ మొదటి రోజు నెగెటివ్ చూపిస్తే కరోనా లేదని అనుకోవద్దు. 48 గంటలాగి మళ్లీ చేయాలి. గీతను కిట్ మీద రాసిన సమయానికే చూడాలి, ఎక్కువ వాటికి 15 నిమిషాలు. గంట తర్వాత కనబడే మసక గీతకు విలువ లేదు. మన జిల్లాలో జ్వరమంటే మలేరియా, డెంగీ కూడా కావచ్చు. కాబట్టి పీహెచ్‌సీలో ఆ రక్తపరీక్షలు కూడా అదే రోజు అడగండి.

ఏ మందు, ఏది వద్దు

జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు 650 మిల్లీగ్రాముల బిళ్ల, బిళ్లకూ బిళ్లకూ కనీసం ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగు దాటొద్దు. జలుబు బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాలే కలిసి ఉంటుంది, అట్ట వెనక చదివి దాన్ని కూడా లెక్కలో కలపండి. మద్యం అలవాటు ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు ఎంత వేసుకోవాలో డాక్టర్ను అడగాలి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పుల మందులు కిడ్నీ రోగికి బిళ్లగా ఇవ్వొద్దు, సూదిగానూ వద్దు. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. జ్వరంతో నీరు తగ్గిపోయి ఉన్న మనిషికి ఆ దెబ్బ రెట్టింపు. డెంగీ అయితే రక్తస్రావం భయం కూడా ఉంటుంది. సూది వేసే ఆయనకి ముందే చెప్పండి: "అయ్యా, కిడ్నీ మనిషి, నొప్పుల సూది వద్దు."

స్టెరాయిడ్ సంగతి ఇంకా ముఖ్యం. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్‌లో రోగుల మీద జరిగిన రికవరీ అనే మందుల పరీక్ష తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు కనబడలేదు, కీడు జరిగే సూచనే కనిపించింది. పైన చెప్పిన కథతో ఇది సరిపోతుంది: మొదటి వారంలో వైరస్ ఎలాగూ రక్షణను నొక్కిపెట్టి ఉంచుతుంది, స్టెరాయిడ్ వేస్తే మనమూ అదే పని చేసినట్టు. సూది పడిన సాయంత్రానికి జ్వరం దిగి, ఆకలి పుట్టి, మనిషి లేచి తిరుగుతాడు. ఇంట్లోవాళ్లు మోసపోయేది అక్కడే. చక్కెర కూడా పెరుగుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ కమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది స్టెరాయిడ్ వాడిన షుగర్ రోగులే. అయితే కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, ఏళ్లుగా డాక్టర్ రాసిన స్టెరాయిడ్ బిళ్ల వేసుకుంటున్నవాళ్లు దాన్ని సొంతంగా మానకూడదు. మానితే ఇంకో ప్రమాదం.

కొబ్బరి బోండాలు, చోడంబలి

ఉద్దానంలో జ్వరం మనిషిని చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక బోండం పట్టుకొస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాడికి మంచిదే. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. డయాలసిస్ మనిషికి బోండం అసలు వద్దు. నీళ్లు, పల్చటి గంజి, చోడంబలి (రాగి అంబలి) డాక్టర్ చెప్పిన కొలతలోనే ఇవ్వాలి. "జ్వరం కదా, బాగా తాగు" అని బలవంతం చేస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం కరోనాదో నీటిదో ఇంట్లో తేల్చుకోలేం. డయాలసిస్ మాత్రం ఒక్క విడత కూడా ఎగ్గొట్టొద్దు. కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి కరోనా అని చెప్పి, వాళ్లు ఇచ్చిన సమయానికి మాస్కుతో వెళ్లాలి.

ఆక్సిమీటర్ సరిగ్గా చూడటం

రోగిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని చూపుడు వేలు గానీ మధ్య వేలు గానీ చివరిదాకా దూర్చి, చెయ్యి గుండె ఎత్తున ఆనించి ఉంచండి. అంకె నిలకడ అయ్యేదాకా ఒక నిమిషం ఆగండి. ఎస్‌పీఓ2 అని రాసి ఉన్నది ఆక్సిజన్, పీఆర్ అని ఉన్నది నాడి. చాలామంది ఇక్కడ తికమక పడతారు. పైగా మీటరును తలకిందులుగా చూస్తే 98 కాస్తా 86 లాగా కనబడుతుంది. ఆ ఒక్క పొరపాటుతో అర్ధరాత్రి ఊరంతా లేచిన సందర్భాలు ఉంటాయి. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో మీటరు అసలు కంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చు. అందుకే ఒక్క అంకె కంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడటం మేలు.

ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు కొలిచి నోటుపుస్తకంలో రాయండి. కూర్చున్నప్పుడు 94 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, రోజుకి రెండుసార్లు మీటరు వేలికి ఉండగానే గదిలో ఆరు నిమిషాలు నడిపించండి; 60 దాటినవాళ్లకు మూడు నిమిషాలు చాలు. 94 కంటే దిగినా, మొదటి అంకె నుంచి మూడు పాయింట్లు పడినా ఆసుపత్రికి బయలుదేరాలి. ఉబ్బసం ఉన్నవాళ్లను ఇలా నడిపించొద్దు. మనిషికి ఆయాసం తెలియకుండానే అంకె పడిపోవచ్చు కాబట్టి "నాకు బాగానే ఉంది" అన్న మాట నమ్మి ఊరుకోకూడదు. పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం నిండా లెక్కపెట్టండి, 24 గానీ అంతకు మించి గానీ ఉంటే అదీ ప్రమాద గుర్తే.

బండి వచ్చేలోపు

108కి చేసి ఊరు, మండలం, దగ్గరలోని గుర్తుతో పాటు "ఏడో రోజు, ఆక్సిజన్ 91, డయాలసిస్ మనిషి" అని ఒక్క వరసలో చెప్పండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికా, శ్రీకాకుళం పెద్దాసుపత్రికా అన్నది వాళ్లను అడిగి తేల్చుకోండి.

ఈలోపు బోర్లా పడుకోబెడితే ఊపిరి కొంత తేలికవుతుంది. మెడ కింద ఒక తలగడ, రొమ్ము నుంచి తొడల పైభాగం దాకా ఒకటి రెండు, మోకాళ్ల కింది భాగానికి రెండు. అన్నం తిన్న గంటలోపు వద్దు. గర్భిణులకు, గుండె జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు, వెన్ను, తుంటి, తొడ ఎముక విరిగినవాళ్లకు వద్దు. డయాలసిస్ ఫిస్టులా (సూది గుచ్చడానికి సిద్ధం చేసిన రక్తనాళం) ఉన్న చెయ్యి ఒంటి కింద నలగకుండా పక్కకు తీసి ఉంచండి.

సంచిలో నోటుపుస్తకం, వాడుతున్న మందుల అట్టలు, కిడ్నీ పనితీరు చూపే ఆఖరి క్రియాటినిన్ రిపోర్టు, డయాలసిస్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కార్డు, ఆధార్ పెట్టండి. ఇప్పటికే ఎవరైనా సూది వేసి ఉంటే ఆ సీసా కూడా తీసుకెళ్లండి. అందులో స్టెరాయిడ్ ఉందో లేదో అక్కడి డాక్టర్ వెంటనే చూసుకోగలరు.