ఇంగ్లీషు నేర్చుకుందాం – 7: ఈ బ్యాగు ఎవరిది?

పోయిన వారం ఐ–మీ, హీ–హిమ్ జంటలు చూశాం. ఈ వారం ఏ వస్తువు ఎవరిదో చెప్పుకోవడం.

మొన్న ఆర్టీసీ కాంప్లెక్సులో అరకు బస్సు కోసం నిలబడ్డాం, నేనూ, నా దగ్గర చదువుకునే కుర్రాడొకడూ. బెంచీ మీద రెండు నల్ల బ్యాగులు, అచ్చం ఒకేలా ఉన్నాయి. పక్కనున్న బెంగాలీ టూరిస్టు ఆవిడ ఒకదాన్ని చూపించి "ఈజ్ దిస్ యువర్స్?" అంది. మావాడు రెండోదాని మీద చెయ్యేసి "నో, దట్ ఈజ్ మై" అన్నాడు. ఆవిడ వాడి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. వీడు చెప్పడం అయిపోయింది, ఆవిడ వినడం అవలేదు.

"తప్పేంటి మాస్టారూ?" అన్నాడు బస్సెక్కాక.

"ఆ మాట తెలుగులో చెప్పు."

"అది నాది."

"మరి ఇంగ్లీషులో ఆ 'ది' ఏదిరా?"

ఈ పాఠానికి తాళంచెవి ఆ "ది". "నా" అంటే వెనకాల వస్తువు పేరు రావాలి, "నాది" అంటే అక్కర్లేదు. ఈ తేడా మనకు ఎవరూ నేర్పలేదు, అయినా ఎప్పుడూ తప్పం. మై అంటే నా, మైన్ అంటే నాది. యువర్ అంటే నీ, యువర్స్ అంటే నీది. హర్–హర్స్, అవర్–అవర్స్, దెయిర్–దెయిర్స్ కూడా అంతే. హిజ్ ఒక్కటే రెండు చోట్లా పనిచేస్తుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి: మనం ఒకటైతే నాది, రెండైతే నావి అంటాం. మైన్‌కు ఆ మార్పు లేదు. "ఈ చెప్పులు నావి" అన్నా మైనే. మైన్స్ అంటే గనులు.

ఇక్కడిదాకా తెలుగు సాయం చేసింది. ఇకనుంచి కాలు అడ్డం పెడుతుంది.

మొదటిది మన "మా". పాతికేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూలో మా ఆవిడ టీచరని చెప్పబోయి "అవర్ వైఫ్ ఈజ్ ఎ టీచర్" అన్నాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉద్యోగం అందుకే రాలేదని అనను గానీ, వాళ్ల నవ్వు ఇంకా గుర్తుంది. ఇల్లు, ఊరు, అమ్మానాన్న, ఆఖరికి పెళ్లాం కూడా మనకు "మా". ఒక్కడే మాట్లాడుతుంటే ఇంగ్లీషులో ఇవన్నీ మై. "మాది గాజువాక" అనడానికైతే అవర్స్ అసలు పనికిరాదు, "అయామ్ ఫ్రమ్ గాజువాక" అనాలి.

రెండోది "తన". రవి తన చెల్లెలితో వచ్చాడు, సీత తన తమ్ముడితో వచ్చింది. మనకు ఒకే మాట సరిపోయింది. ఇంగ్లీషు మాత్రం ఎవరి చెల్లెలు, ఎవరి తమ్ముడు అని అడుగుతుంది. చెల్లెలు ఆడపిల్ల కదా అని "రవి కేమ్ విత్ హర్ సిస్టర్" అన్నారా, ఆ పిల్ల ఇంకెవరో ఆవిడకు చెల్లెలైపోతుంది. చూడాల్సింది చెల్లెల్ని కాదు, రవిని. హిజ్ సిస్టర్.

హర్ అంటే గుర్తొచ్చింది. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసే ఉంటారు. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియం అయింది. ఓడల్ని, సబ్‌మెరైన్లని ఆడమనిషిలా చెప్పడం ఇంగ్లీషులో పాత అలవాటు. దాని సిబ్బంది అనడానికి "హర్ క్రూ" అంటారు. లండన్ నౌకావ్యాపార పత్రిక లాయిడ్స్ లిస్ట్ మాత్రం అదే 2002లో ఇకపై ఓడల్ని ఇట్ అనే రాస్తామని ప్రకటించింది. మీరు ఇట్స్ క్రూ అన్నా తప్పేం కాదు.

కాకపోతే ఆ ఇట్స్‌లో అపాస్ట్రఫీ పెట్టకండి. టి, ఎస్‌ల మధ్య ఆ గుర్తు పడితే అది ఇట్ ఈజ్, లేదా ఇట్ హాజ్. అనుమానమొస్తే ఇట్ ఈజ్ అని విడదీసి చదవండి. కుక్క "ఇట్ ఈజ్ టెయిల్" ఊపదు కదా! హర్స్, యువర్స్, అవర్స్, దెయిర్స్‌లో కూడా ఆ గుర్తు ఉండదు.

మూడోది, మనం అసలు చెప్పకుండా వదిలేసేది. బీచ్ నుంచి వచ్చి "కాళ్లు కడుక్కున్నాను" అంటాం. ఎవరి కాళ్లో ఆ "కున్నాను"లోనే ఉంది. ఇంగ్లీషులో అలాంటి సదుపాయం లేదు, అందుకే "ఐ వాష్డ్ మై ఫీట్" అని కాళ్లు ఎవరివో కూడా చెప్పాలి. జేబులో చెయ్యి పెట్టినా, తల దువ్వుకున్నా, షర్టు మార్చుకున్నా అంతే.

ఈ వారం హోంవర్క్ నాలుగు వాక్యాలు. కాగితం మీద రాయండి, ఫోన్లో కొడితే ఫోనే దిద్దేస్తుంది. మా నాన్న పోర్టులో పనిచేస్తారు. ఆ గొడుగు మీదా, ఆవిడదా? పద్మ వాళ్ల అన్నయ్యతో సింహాచలం వెళ్లింది. పిల్లలు పళ్లు తోముకున్నారు.

మూడోదాంట్లో "వాళ్ల" కనిపించగానే దెయిర్ రాసేయకండి. "మా" గురించి పైన చెప్పింది ఇంకోసారి చదివి రాయండి. జవాబులు వచ్చే వారం.