బయటికి వెళ్ళలేని రోజుల్లో కుట్టుపని: సమస్యలు, పరిష్కారాలు

ఇల్లు కదలకూడని రోజులు వచ్చినప్పుడు చాలామంది మూలనున్న కుట్టు మిషన్ మీది గుడ్డ తీస్తారు. కాస్త కుట్టేసరికి అది మొరాయిస్తుంది. మెకానిక్‌ను పిలిచే వీలుండదు. అలాంటప్పుడు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: స్క్రూడ్రైవర్ జోలికి ముందే వెళ్ళకండి. మొదట దారం విప్పి మళ్ళీ ఎక్కించండి, తర్వాత సూది మార్చండి, ఆ తర్వాత దుమ్ము దులపండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, చిత్తు గుడ్డ మీద కుట్టి చూడండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అడుగున దారం ఉండలు కడుతోంది

పైన కుట్టు బాగానే ఉంటుంది, గుడ్డ తిరగేస్తే అంతా చిక్కు. చిక్కు అడుగున ఉంది కాబట్టి అందరూ అడుగు దారం చుట్టే చిన్న రీలును, అంటే బాబిన్‌ను అనుమానిస్తారు. చాలాసార్లు కారణం పై దారమే. అది దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగకపోతే పట్టు ఉండదు, కావలసినదానికన్నా ఎక్కువ దారం కిందికి జారిపోతుంది. గుడ్డను అదిమిపట్టే ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే ఇలాగే అవుతుంది, ఎందుకంటే అప్పుడు ఆ బిళ్ళలు బిగుసుకుని ఉంటాయి. ఫుట్ పైకెత్తి, సూదిని పూర్తిగా పైకి తెచ్చి, రీలు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఫుట్ దించాక దారం లాగితే చేతికి బిగువు తెలియాలి. మొదటి నాలుగైదు కుట్లు పడేదాకా రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి.

అప్పటికీ తగ్గకపోతే బాబిన్ కేస్ సంగతి చూడాలి. దారం చుట్టిన బాబిన్ లోపల పెట్టి, దారం కొస పట్టుకుని కేస్‌ను గాల్లో వేలాడదీయండి. చెయ్యి చిన్నగా కుదిపితే అది కొద్దిగా జారి ఆగాలి. జర్రున కిందికి వచ్చేస్తే వదులు, అసలు కదలకపోతే బిగువు. పక్కనున్న చిన్న స్క్రూను పావు చుట్టుకన్నా తక్కువే తిప్పండి. తిప్పేముందు దాని గాడి ఎటు ఉందో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మళ్ళీ మొదటికి రావాలంటే ఆ ఫోటోనే ఆధారం.

కుట్లు వదిలేస్తోంది, దారం తెగుతోంది

సూది మొద్దుబారింది, లేదా తిరగబడింది. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది. దారం ఏ వైపు నుంచి బెజ్జంలోకి దూరుతుందో గాడి ఆ వైపుకే ఉండాలి, పైనున్న చదును భాగం దానికి ఎదురు వైపు. సూది మొన మీద గోరు ఆనించి నెమ్మదిగా లాగితే, వంగిన మొన గోటికి గీసుకుంటుంది. ఎనిమిది గంటల కుట్టుపనికి ఒక సూది అనేది మంచి లెక్క. పల్చటి గుడ్డకు 11 నంబరు సూది, మామూలు కాటన్‌కు 14, మందపు గుడ్డకు 16, జీన్స్‌కు 18. బనియన్ గుడ్డ అయితే మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వాడాలి, లేకపోతే ఎన్ని సర్దుబాట్లు చేసినా కుట్లు వదులుతూనే ఉంటుంది.

చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు

బాబిన్ చుట్టేటప్పుడు చక్రం మధ్యలోని బిళ్ళను వదులు చేసి, మళ్ళీ బిగించడం మరిచారు. బిగించండి, అంతే.

చక్రమే తిరగనంటోంది

బాబిన్ కేస్ కూర్చునే షటిల్ సందులో దారం ముక్క ఇరుక్కుని ఉండవచ్చు. బలవంతం చేయకండి. షటిల్ విప్పి, బ్రష్‌తో నూగు తీసి, ఒక చుక్క మిషన్ ఆయిల్ వేసి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించండి. చాలాకాలం వాడని ఇనుప మిషన్ అయితే పాత నూనె జిగురై పట్టేస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి నూనె వేస్తే వదులుతుంది. మిషన్ ఆయిల్ అయిపోయిందని వంటనూనె మాత్రం పోయకండి, అది ఆరి బంకలా గడ్డకట్టి మిషన్‌ను పట్టేస్తుంది.

మాస్కు మడతల దగ్గర సూది ఆగిపోతోంది

2020 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుడ్డ మాస్కుకు మూడు పొరలు ఉండాలని సూచించింది. మూడు పొరల గుడ్డకు కుచ్చులా మడత పెడితే, మడత పడ్డ చోట గుడ్డ మూడుసార్లు ఒకదానిమీదొకటి వస్తుంది, అంటే మందం తొమ్మిది పొరలు. అక్కడ ఫుట్ ముందు భాగం పైకి లేచి, వెనక భాగం కిందికి వాలి, గుడ్డ జరగదు. అదే మందానికి మడిచిన చిత్తు గుడ్డను ఫుట్ వెనక కింద పెట్టండి, ఫుట్ సమంగా కూర్చుంటుంది. 16 నంబరు సూది వేసి, ఆ రెండంగుళాలు పెడల్ తొక్కకుండా చక్రం చేత్తో తిప్పుతూ కుట్టండి. ఎలాస్టిక్ దొరకలేదా? పాత టీషర్టును అడ్డంగా రెండు సెంటీమీటర్ల పట్టీలుగా కత్తిరించి లాగండి, గొట్టంలా చుట్టుకుని తాడు తయారవుతుంది. చెవికి కోసుకోదు కూడా.

కొలతలు తీసేవాళ్ళు లేరు

సొంత వీపు, భుజాల కొలత తనంతట తాను తీసుకుంటే తప్పకుండా తేడా వస్తుంది. ఒంటికి సరిగ్గా సరిపోయే చొక్కా ఒకటి తీసి, ఇస్త్రీ చేసి, నేల మీద పరిచి కొలవండి. చంకల మధ్య కొలతను రెట్టింపు చేస్తే చొక్కా ఛాతీ కొలత వస్తుంది. అందులో వదులు కలిసే ఉంటుంది, మళ్ళీ కలపక్కర్లేదు. సాగే గుడ్డ చొక్కా కొలతలు సాగని గుడ్డకు పనికిరావు.

కత్తెర పెట్టాలంటే చేయి రావడం లేదు

ఉన్నది ఒక్కటే మంచి గుడ్డ, పాడైతే మరొకటి తెచ్చుకోలేం. ఈ టెన్షన్ సహజం, అది పిరికితనం కానే కాదు. పాత దుప్పటి మీద ముందు కత్తిరించి, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లకు పెంచి పైపైన కుట్టి, తొడిగి చూడండి. సరిచేశాక విప్పితే ఆ ముక్కలే మీ నమూనా.

సగం కుట్టినవి గుట్ట పడ్డాయి, మళ్ళీ కూర్చోబుద్ధి కావడం లేదు

దీన్ని బద్ధకం అనుకుని బాధపడేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. గుట్టలోంచి ఏదో ఒకటి తీసి చూడండి, కాలరు దగ్గరో, చెయ్యి అతికించే చోటో ఆగి ఉంటుంది. కష్టమైన చోట లేచిపోతే, మర్నాడు కూర్చోవడమంటే నేరుగా ఆ కష్టంలోకే దిగడం. అందుకని తిన్నని కుట్టు మధ్యలో లేవండి. తర్వాతి ముక్కలకు గుండుసూదులు పెట్టి, దారం ఎక్కించే ఉంచి, ఏం చేయాలో ఒక చీటీ మీద రాసి గుడ్డకు గుచ్చండి. కాలరు లాంటివాటిని పగటి వెలుతురుకు వదిలి, రాత్రి బొత్తాలు కుట్టుకోండి. నల్ల గుడ్డ మీద నల్ల దారం పని ఏదైనా సరే పగలే చేయాలి.