సెంటర్‌పిన్ రీల్‌కి బేరింగులు మార్చాలంటే

సెంటర్‌పిన్ రీలంటే గాలం కడ్డీకి బిగించే ఒక రకం రీల్. మధ్యలో ఒక ఇరుసు, దాని మీద లైన్ చుట్టుకునే స్పూల్, అంతే. గేర్లుండవు. చేప లాగినప్పుడు పట్టు సడలించే డ్రాగ్ కూడా చాలావాటికి ఉండదు. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. చేపని ఆపాల్సింది మీ బొటనవేలో, అరచెయ్యో. ఇంత తక్కువ సామాను ఉన్న రీల్‌లో మార్చడానికి వీలైనవి బేరింగులే, అంటే స్పూల్ ఇరుసు మీద తేలిగ్గా తిరగడానికి పెట్టే, రెండు రింగుల మధ్య బాల్స్ ఉండే ముక్కలు. అందుకే వాడేవాళ్లంతా ముందు వాటి మీద పడతారు.

నాది నెల్లూరులో మోటార్ల పని. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో తిరిగే ఏరేటర్లు రిపేరుకి మా షెడ్డుకే వస్తాయి కాబట్టి బేరింగులు ఊడదీయడం, ఎక్కించడం నాకు రోజూ ఉండేదే. మా మేనల్లుడు అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటాడు. ఈరీ సరస్సులో కలిసే రాకీ, చాగ్రిన్ లాంటి చిన్న నదుల్లో స్టీల్‌హెడ్ కోసం గాలం వేస్తుంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు "మామా, దీని బేరింగులు కాస్త చూడు" అని రీల్ నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు వాడి స్నేహితులు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్లకి చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ చేప సంగతి తెలియాలి. స్టీల్‌హెడ్ రెయిన్‌బో ట్రౌట్ జాతిదే. సరస్సులోనో సముద్రంలోనో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కుతుంది. ఈరీ వైపు శరదృతువులో మొదలై ఏప్రిల్ దాకా నదుల్లో దొరుకుతుంది. అంటే వేట చాలాభాగం గడ్డకట్టే చలిలోనే. బెండు కట్టి, ఎరని నీటి అడుగున, ప్రవాహం ఎంత వేగంతో పోతే అంతే వేగంతో పోనివ్వాలి. స్పూల్ బిగుసుకుంటే బెండు వెనక్కి పడుతుంది, ఎర పైకి లేస్తుంది, చేప దాని వంక చూడదు. బెండుని కావాలని కాస్త ఆపి వదిలే పద్ధతీ ఉంది. కానీ ఆ ఆపడం మీ వేలు చేయాలి, బేరింగ్ కాదు.

కాబట్టి మీకు కావలసింది స్పూల్ ఎంతసేపు తిరుగుతుందన్నది కాదు, ఎంత తేలిగ్గా కదలడం మొదలుపెడుతుందన్నది. వేలితో ఒక్క తిప్పు తిప్పి నిమిషాలు లెక్కపెట్టే వీడియోలు చాలా ఉన్నాయి. వాటిని చూసి డబ్బు పెట్టకండి. బరువైన స్పూల్ ఒకసారి తిరగడం మొదలైతే దాని బరువుకే చాలాసేపు తిరుగుతుంది. నెమ్మదిగా పారే నీళ్లలో అదే స్పూల్ కదలడానికి మొరాయిస్తుంది.

ఈ తేడా ఇంట్లోనే చూసుకోవచ్చు. రీల్‌ని గాలం కడ్డీకి బిగించి, కడ్డీని బల్ల అంచున అడ్డంగా పెట్టి, స్పూల్ నుంచి లైన్‌ని నేరుగా కిందికి వేలాడదీయండి. కొసకి పేపర్ క్లిప్పులు ఒక్కొక్కటే తగిలించండి. మామూలు చిన్న క్లిప్పు బరువు అర గ్రాము నుంచి గ్రాము మధ్య ఉంటుంది. ఎన్నో క్లిప్పుకి స్పూల్ తనంతట తాను కదిలిందో రాసి పెట్టుకోండి. స్పూల్‌ని పావు చుట్టు జరిపి మళ్లీ చూడండి. ఒకచోట రెండు క్లిప్పులకే కదిలి, ఇంకోచోట ఐదు పట్టిందంటే బేరింగ్‌లో మచ్చ పడిందనో, ఇసుక రవ్వ చేరిందనో, స్పూల్ ఒక పక్క బరువెక్కువ ఉందనో అర్థం. పని ముందూ తరవాతా స్పూల్ మీద లైన్ ఒకే మందాన ఉండాలి. లైన్ తగ్గితే క్లిప్పు లాగే బలం ఇరుసుకి దగ్గరైపోయి లెక్క మారిపోతుంది.

క్లిప్పులు ఎక్కువ పట్టినంత మాత్రాన కొత్త బేరింగులకి పరిగెత్తకండి. కొత్త రీల్ బిగుతుగా ఉండటానికి చాలాసార్లు కారణం బేరింగులో కుక్కిన గ్రీజే. వేగంగా తిరిగే మోటారుకి ఆ గ్రీజు ప్రాణం. గ్రాముల బరువుతో కదలాల్సిన స్పూల్‌కి అదే బ్రేకు, చలికి చిక్కబడితే మరీనూ. ముందు దాన్ని కడిగి చూడండి. క్లిక్ చేసే పళ్లచక్రం దగ్గర నాలుక పూర్తిగా తప్పుకుంటోందా, ఇరుసు కొసన ఉన్న స్క్రూ అతిగా బిగించారా అన్నవి కూడా అప్పుడే చూసుకోవాలి.

కడగడానికి పెట్రోలు చాలు. పని ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి గానీ బీడీ గానీ ఉండకూడదు. ఇనప మూత ఉన్న బేరింగ్ అయితే మూత అంచున సన్నటి తీగ రింగు కనిపిస్తుంది. దాని కొస ఒకచోట తెగి ఉంటుంది. కుట్టుసూదిని ఆ కొస కిందికి పెట్టి మెల్లగా లేపితే రింగు చుట్టూ లేచి వస్తుంది. లేచేటప్పుడు ఎగిరిపోతుంది కాబట్టి పైన ఎడమచేతి బొటనవేలు ఆనించి ఉంచండి. మూత దానంతటదే రాలిపోతుంది. కొన్నిటికి ఈ రింగు ఉండదు, మూతని అంచులోకి నొక్కేసి ఉంటారు. అలాంటిదాన్ని పీకితే మళ్లీ పెట్టలేరు. రబ్బరు సీలైతే లోపలి అంచున సూది పెట్టి ఎత్తితే వచ్చేస్తుంది. దాన్ని మాత్రం పెట్రోల్లో వేయకండి, ఉబ్బుతుంది. గ్రీజు పోయాక సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి కడిగి ఆరనివ్వండి. గాలి పైపు పెట్టి బేరింగ్‌ని గిర్రున తిప్పకండి. నూనె లేకుండా అంత వేగంతో తిరిగితే బాల్స్ గీసుకుపోతాయి.

ఆరాక నూనె వెంటనే వేయాలి. నెల్లూరు గాలిలో తేమకి కడిగిన స్టీలు ఒక్క రాత్రిలోనే మచ్చ పడుతుంది. కుట్టు మెషిన్ నూనె గానీ, పలచటి స్పిండిల్ ఆయిల్ గానీ సూది మొనన ఒక్క చుక్క తీసుకుని బాల్స్ మధ్య వదిలితే సరి. రెండో చుక్క అక్కర్లేదు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె వేయకండి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. క్లీవ్‌లాండ్ చలికాలంలో బేరింగ్‌లో వెన్న పెట్టినట్టే. డబ్ల్యూడీ-40 కూడా నీళ్లు తరమడానికి పనికొచ్చేదే తప్ప బేరింగ్‌లో నిలిచే నూనె కాదు.

కడిగినా గరగరలాడితే అప్పుడు మార్చాల్సిందే. కొలత దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో మూడు కొలతలు తీయాలి: లోపలి రంధ్రం, బయటి వ్యాసం, మందం. మిల్లీమీటర్లలో వచ్చేవాటికి నంబర్లు మా షాపుల్లో అందరికీ నోటికొస్తాయి. 608 అంటే 8, 22, 7. స్కేటింగ్ చక్రాల్లో ఉండేది అదే. 696 అంటే 6, 15, 5. కానీ అమెరికా, కెనడా రీళ్లలో అంగుళాల బేరింగులు కూడా వస్తాయి. వాటిలో ఆర్4 అనే సైజుకి రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు, బయట 15.875. స్కేలుతో చూస్తే 696కీ దీనికీ తేడా సులువుగా తెలియదు. ఇరుసు మీద మాత్రం ఒకటి ఎక్కదు, ఇంకోటి గలగలలాడుతుంది. అంగుళాల సైజులు నెల్లూరులో దొరకడం కష్టం, చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు వెతకాలి.

కొనేటప్పుడు ఏబెక్ నంబర్ చూసి మోసపోకండి. ఏబెక్ 5, 7 అన్నవి రింగులు ఎంత కచ్చితంగా చెక్కారో చెప్పే అమెరికా కొలమానం. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ లెక్కలో అవే పీ5, పీ4. లోపల ఏ గ్రీజుందో, బాల్స్‌కీ రింగులకీ మధ్య ఎంత సందుందో అవి చెప్పవు. చేత్తో తిప్పే స్పూల్‌కి 5 చాలని నా అభిప్రాయం. చూడాల్సింది ఇంకోటుంది: సీ3 అని రాసి ఉంటే తీసుకోకండి. మోటారు వేడెక్కి లోపలి రింగు వ్యాకోచిస్తుందని ఎక్కువ సందు ఉంచి చేసిన రకం అది. రీల్ వేడెక్కేది లేదు, ఆ సందంతా స్పూల్ అంచున ఊగులాటగా కనపడుతుంది.

సిరామిక్ సంగతి అందరూ అడుగుతారు. హైబ్రిడ్ అంటే రింగులు స్టీలే, బాల్స్ మాత్రం సిలికాన్ నైట్రైడ్. ఆ బాల్స్ బరువు స్టీలు బాల్స్‌లో సగం కూడా ఉండదు, తుప్పు పట్టవు, దాదాపు నూనె లేకుండానే తిరుగుతాయి. స్టీల్‌హెడ్ పనికి అసలు లాభం ఈ చివరిదే, చలికి చిక్కబడే నూనె ఉండదు కాబట్టి. కానీ ముందు మామూలు స్టెయిన్‌లెస్ బేరింగ్ కడిగి, ఒక్క చుక్క నూనెతో వాడి చూడండి. క్లిప్పుల లెక్కలో అది చాలనిపిస్తే ఖర్చు మిగిలినట్టే.

ఇప్పుడు ఊడదీయడం. బేరింగ్ జారకుండా ఆపే రింగు (సర్‌క్లిప్) ఉంటే తీసి, స్పూల్ మధ్యభాగాన్ని హెయిర్ డ్రైయర్‌తో చెయ్యి ఆనించలేనంత వేడి చేయండి. అల్యూమినియం స్టీలుకి సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది, బేరింగ్ కూర్చునే గూడు వదులవుతుంది. అవతలి వైపు నుంచి చెక్క పుల్లతో చుట్టూ కొద్దికొద్దిగా తట్టాలి. ఒకే పక్క తడితే అడ్డం తిరిగి గూడు గీసేస్తుంది. లోపలి రింగు మీద దెబ్బలు తిని వచ్చిన పాత బేరింగ్‌ని మళ్లీ వాడకండి. రెండు బేరింగుల మధ్య చిన్న గొట్టంలాంటి స్పేసర్ ఉంటే అది ఎటువైపు తిరిగి ఉందో ఫోటో తీసి పెట్టుకోండి.

ఎక్కించేటప్పుడు సుత్తి వద్దే వద్దు. కొత్త బేరింగ్‌ని జిప్ కవర్లో పెట్టి అరగంట ఫ్రీజర్లో ఉంచి, గూడుని మళ్లీ వేడి చేస్తే చాలాసార్లు వేలితోనే కూర్చుంటుంది. కూర్చోకపోతే పొడుగు బోల్టు, రెండు వాషర్లు, నట్టు పెట్టి బిగిస్తూ లాగండి. వాషరు బయటి రింగుని మాత్రమే తాకాలి. గూట్లోకి దించేటప్పుడు బయటి రింగు, ఇరుసు మీద ఎక్కించేటప్పుడు లోపలి రింగు. తప్పు రింగుని నొక్కితే ఆ బలమంతా బాల్స్ మీదుగా పోయి గాడిలో కంటికి కనపడని గుంటలు పడతాయి. కొత్త బేరింగ్ ఆ రోజే గరగరమంటుంది. ఫ్రీజర్ నుంచి తీసింది చెమట పడుతుంది కాబట్టి తుడిచి, నూనె చుక్క మళ్లీ వేయాలి.

స్పేసర్ మర్చిపోతే ఇంత శ్రమా వృథా. అది లేకుండా స్క్రూ బిగిస్తే లోపలి రింగులు రెండూ దగ్గరకి లాక్కుని బాల్స్‌ని పక్కనుంచి నొక్కుతాయి. స్క్రూ బిగించాక స్పూల్‌ని ఇరుసు వెంట లాగి తోసి చూడండి. వేలికి తెలిసీ తెలియనంత కదలిక ఉండాలి. అసలు లేకపోతే స్క్రూ పావు చుట్టు వదలండి.

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రంలో గాలం వేసే తమ్ముళ్లకి ఒక మాట. మీ స్పిన్నింగ్ రీళ్లకి పైన చెప్పిన నూనె పద్ధతి పనికిరాదు. ఏరేటర్లలో నేను చూసే బేరింగుల్లో చాలావాటిది తిరిగి తిరిగి అరిగిన చావు కాదు, ఉప్పునీళ్లు తాగిన చావు. మీకు రెండు వైపులా రబ్బరు సీలున్న స్టెయిన్‌లెస్‌ది, మెరైన్ గ్రీజు పెట్టింది కావాలి. 2ఆర్ఎస్ అని నంబర్ చివర ఉంటుంది. స్టెయిన్‌లెస్‌కీ ఉప్పుకి తుప్పు పడుతుంది, హైబ్రిడ్‌లో రింగులకీ పడుతుంది. ఇంటికి రాగానే రీల్‌ని మంచినీళ్లతో పైపైన కడిగి తుడవండి. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు సీల్ దాటి లోపలికి పోతుంది.

మార్చిన రీల్‌తో క్లిప్పుల పరీక్ష మళ్లీ చేసి పాత అంకె పక్కన కొత్తది రాయండి. నదికి ఒకసారి వెళ్లొచ్చాక ఇంకోసారి చూడండి. కొత్త బేరింగ్‌లో మిగిలిపోయిన గ్రీజు అప్పటికి బయటికొస్తుంది, ఒకటి రెండు క్లిప్పులు తగ్గవచ్చు. పెరిగాయంటే ఇసుక చేరినట్టే, మళ్లీ పెట్రోల్లో కడగండి.