సెన్సార్ లైటు వెలుగుతున్నా పీఎల్‌సీకి సిగ్నల్ అందడం లేదా? – నా అనుభవం

నెల్లూరు దగ్గర రైస్‌మిల్లులో బస్తాల తూకం మెషీన్. ప్రాక్సిమిటీ సెన్సార్ (వస్తువు దగ్గరకొస్తే తాకకుండానే కనిపెట్టేది) లైటు వెలుగుతోంది, పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) ఇన్‌పుట్ లైటు మాత్రం వెలగదు. వైరు, సెన్సార్ మార్చాం, ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించాం, లాభం లేదు.

చివరికి సెన్సార్ సిగ్నల్ తెచ్చే నల్ల వైరును పీఎల్‌సీ నుంచి ఊడదీసి, దానికీ సెన్సార్‌కు ప్లస్ 24 వోల్టులు ఇచ్చే గోధుమరంగు వైరుకీ మధ్య మీటర్ పెట్టాను. సెన్సార్ ముందు స్పానర్ ఉంచగానే 24 వోల్టులు చూపించింది. అంటే ఎన్‌పీఎన్ రకం; పని చేసినప్పుడు నల్ల వైరును సున్నా వోల్టులకు లాగుతుంది. పీఎల్‌సీ ఇన్‌పుట్ కామన్ (కొన్ని ఇన్‌పుట్లకు ఉమ్మడిగా ఉండే టెర్మినల్) కూడా సున్నాకే కలిపి ఉంటే ఇక కరెంటు పారేదెలా? పవర్ ఆపి, కామన్‌ను ప్లస్ 24కి మార్చి, నల్ల వైరు బిగించాను. పవర్ ఇచ్చి స్పానర్ పెడితే ఇన్‌పుట్ లైటు ఠక్కున వెలిగింది!

మా దాంట్లో ఆ కామన్ మీద ఈ సెన్సార్ ఒక్కటే ఉంది. మీకు అదే కామన్ మీద పీఎన్‌పీ సెన్సార్లు (పని చేసినప్పుడు నల్ల వైరుకు ప్లస్ 24 ఇచ్చేవి), ప్లస్ 24 నుంచి వచ్చే పుష్ బటన్లు ఉంటే అవి ఆగిపోతాయి, జాగ్రత్త. కామన్ మార్చే వీలు లేని పీఎల్‌సీలూ ఉన్నాయి. వాటికి మధ్యలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టుకోవాలేమో, మాన్యువల్ చూడండి.