దీపావళికి ముందు: పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తలు

బాంబులు పిల్లల చేతికి ఇవ్వం. కాకరపువ్వొత్తి మాత్రం మూడేళ్ల పాపకీ ఇచ్చేస్తాం. నా భయమంతా దానిమీదే. వెలుగుతున్నప్పుడు దాని వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. చిన్నపిల్లల చర్మం పలచన, అందుకే గాయం లోతుగా దిగుతుంది. ఆరిపోయాక కూడా తీగ వేడిగానే ఉంటుంది. వాకిట్లో పారేస్తే ఇంకో పిల్లాడు వట్టికాళ్లతో తొక్కుతాడు. కాబట్టి టపాకాయల సంచి విప్పకముందే ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక బయట పెట్టండి. కాలిన తీగలన్నీ నీళ్లలోకే వెయ్యాలి. ఐదేళ్లలోపు వాళ్లకు అసలు ఇవ్వకండి. చంకలో బిడ్డను ఎత్తుకుని మీరూ ఏదీ వెలిగించకండి.

కాల్చేటప్పుడు వేలాడే ఓణీలు, చున్నీలు వద్దు. సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అంటుకుపోతుంది. కాటన్ బట్టలు, బూట్లు వేయండి. గుమ్మంలో ప్రమిదల వరుస దాటేటప్పుడు పావడా అంచు కూడా చూసుకోవాలి.

పెద్దపిల్లల సంగతి వేరు. పేలని టపాకాయల్లోంచి మందు తీసి, కాగితం మీద పోసి అంటిస్తారు. మంట ఒక్కసారిగా ముఖం మీదికి లేస్తుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో కార్బైడ్ గన్‌లతో (ప్లాస్టిక్ గొట్టంలో కాల్షియం కార్బైడ్, నీళ్లు కలిపి పేల్చే నాటు తుపాకులు) ఎంతోమంది పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. పేలలేదేమని గొట్టంలోకి తొంగిచూసిన వాళ్లూ వాళ్లలో ఉన్నారు. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ఏదైనా తయారుచేస్తున్నారేమో ముందే అడగండి. తిట్టకుండా అడిగితేనే చెబుతారు.

కాలితే వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు నీళ్లు పారనివ్వండి. పిల్లలు ఏడుస్తుంటే ఐదు నిమిషాలకే తీసేస్తాం, తీయకండి. మిగతా ఒళ్లు చలిపట్టకుండా కప్పి ఉంచండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. అంటుకుపోయిన బట్టను లాగొద్దు, బొబ్బలు చిదపొద్దు. టూత్‌పేస్ట్, పసుపు, సిరా, ఐసు ఏదీ వద్దు. పైన శుభ్రమైన బట్ట వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి. బట్టలకు మంట అంటుకుంటే పరిగెత్తనివ్వకుండా నేలమీద దొర్లించండి.

కంటికి టపాకాయ దెబ్బ తగిలితే నలపొద్దు, గుచ్చుకున్నది పీకొద్దు. కంటిని నొక్కకుండా పైన కాగితపు కప్పు అడ్డుపెట్టి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా ఆ రాత్రి ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి. వేరే ఊళ్లో ఉంటే, రాత్రిపూట చూసే డాక్టరు ఎవరో పండగరోజు పగలే ఫోన్ చేసి కనుక్కోండి. అంబులెన్సుకు 108.