యంత్రాన్ని కాక, అది చేసే పనిని అమ్మేటప్పుడు నిర్వహణ ఒప్పందాన్ని ఎలా రాయాలి?

కంప్రెసర్‌ను అమ్మకుండా అది ఇచ్చే గాలిని ఘనపు మీటర్ల లెక్కన అమ్మడం, ఇంజిన్‌కు నడిచిన గంటల లెక్కన రుసుము తీసుకోవడం కొత్త విషయాలేమీ కావు. బ్రిటన్‌లోని ఇంజిన్ల తయారీ సంస్థ బ్రిస్టల్ సిడ్లీ 1962లోనే వైపర్ జెట్ ఇంజిన్లకు ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ సంస్థను తనలో కలుపుకున్న రోల్స్ రాయిస్ తరువాత దానిని విస్తరించింది. అయినా పాత వార్షిక నిర్వహణ ఒప్పందానికే పేరు మార్చి సంతకాలు పెట్టించుకునే తయారీదారులు ఇప్పటికీ ఉన్నారు. పాత పద్ధతిలో యంత్రం చెడితే విడిభాగాల బిల్లు పెరిగి తయారీదారుకు ఆదాయం వస్తుంది; ఇందులో అదే చెడిపోవడం అతని జేబుకు చిల్లు పెడుతుంది.

ముందుగా యంత్రానికి గంటల మీటరు, ఫ్లో మీటరు, ప్రెషర్ సెన్సరు, బేరింగుల వద్ద వైబ్రేషన్ సెన్సర్లు అమర్చి, పాత బ్రేక్‌డౌన్ రికార్డులను సేకరించాలి. రుసుములో కొంత స్థిరమైన నెలవారీ మొత్తంగా, మిగిలినది వాడకాన్ని బట్టి ఉండాలి.

అసలు చిక్కు ‘లభ్యత’ను, అంటే మొత్తం సమయంలో యంత్రం పనికి సిద్ధంగా ఉన్న వాటాను, నిర్వచించడంలో ఉంది. ‘95 శాతం లభ్యత’ అని రాసి ఊరుకుంటే తగవును కోరి తెచ్చుకున్నట్టే. 720 గంటల నెలలో 95 శాతమంటే 36 గంటలు ఆగవచ్చని అర్థం. ఒకేసారి 36 గంటలు ఆగినా, గంట చొప్పున 36 సార్లు ఆగినా శాతం మారదు. కాని ప్రతి ఆగుడు తరువాత లైన్‌ను మళ్లీ గాడిన పెట్టడానికి రెండు గంటలు పట్టే ఫ్యాక్టరీ రెండో సందర్భంలో మరో 72 గంటలు పోగొట్టుకుంటుంది. కాబట్టి శాతంతోపాటు ఆగుళ్ల సంఖ్యకూ పరిమితి తప్పక రాయాలి.

ఆగినట్టు లెక్క ఎప్పుడు మొదలవుతుందో కూడా రాయాలి. ఫిర్యాదు అందిన క్షణం నుంచి అని తయారీదారు, ప్రెషర్ పడిపోయిన క్షణం నుంచి అని కొనుగోలుదారు వాదిస్తారు. సెన్సరు చూపిన సమయాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ఇందులో బేరసారాలకు తావివ్వకూడదు. 7 బార్ ప్రెషర్ ఇవ్వవలసిన కంప్రెసర్ 5 బార్ మాత్రమే ఇస్తుంటే అది తిరుగుతున్నా ఆగినట్టే లెక్కించాలి. గది వెంటిలేషన్‌ను కొనుగోలుదారు మనుషులు మూసేసినందువల్ల యంత్రం వేడెక్కి ట్రిప్ అయితే, అంటే తనంతట తానే ఆగిపోతే, ఆ గంటలు అతని ఖాతాలోకి వెళ్లాలి. ఇదంతా నెలవారీగానే లెక్కగట్టాలి. ఏడాది సగటు చూస్తే ఒక చెడ్డ నెల పదకొండు మంచి నెలల వెనుక దాక్కుంటుంది.

ఈ నిర్వచనం ఖరారయ్యాకే నిర్వహణ ప్రణాళిక వేయాలి. ప్రతి భాగాన్నీ నిర్ణీత గంటలకు మార్చేస్తే బ్రేక్‌డౌన్లు ఉండవన్న నమ్మకం వర్క్‌షాపుల్లో బలంగా ఉంది. కాని విమానాల భాగాలపై యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలన్, హీప్ 1978లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వయసుతోపాటు చెడిపోయే అవకాశం పెరిగేవి 11 శాతం మాత్రమే. పైగా సవ్యంగా ఉన్నదానిని విప్పి బిగించడమే కొత్త లోపాలకు కారణం కావచ్చు. ఫ్యాక్టరీలోని కంప్రెసర్‌కూ విమానానికీ పోలికేమిటని అడిగేవారు తమ సొంత బ్రేక్‌డౌన్ రికార్డులనే తిరగేయవచ్చు.

అందువల్ల ఆయిల్, ఫిల్టర్లు, బెల్టుల వంటివాటిని మాత్రమే గంటల లెక్కన మార్చాలి. ముందుగా హెచ్చరించి చెడిపోయే బేరింగులను వైబ్రేషన్ రీడింగులతో కనిపెట్టాలి. తొలి సంకేతం నుంచి చెడిపోయేదాకా ఎనిమిది వారాలు పడుతుందనుకుంటే, నాలుగు వారాలకొకసారి పరీక్షిస్తే చాలని పుస్తకాలు చెబుతాయి. అది చాలదు, రెండు వారాలకొకసారి చూడాలి, ఎందుకంటే భాగాన్ని తెప్పించి, ఆగడానికి కొనుగోలుదారు నుంచి సమయం సంపాదించడానికి కూడా వ్యవధి కావాలి. ఏ సంకేతమూ ఇవ్వకుండా పోయే కంట్రోల్ బోర్డు వంటివాటికి ముందస్తు పరీక్షలు దండగ. వాటి స్పేర్‌ను తయారీదారు ఖర్చుతో కొనుగోలుదారు ఫ్యాక్టరీలోనే ఉంచాలి, అది ఎవరి ఆస్తో ఒప్పందంలో రాయాలి.