కారు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుందాం - 4వ పాఠం: అప్‌డేట్ సగంలో కరెంటు పోతే?

పోయిన పాఠంలో క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లను కలిపే తీగల దారి) మీద ఈసీయూలు (ఇంజిన్, బ్రేకుల్లాంటి వాటిని నడిపే చిన్న కంప్యూటర్లు) ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చూశాం. ఈసారి వాటిలో ఒకదానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిద్దాం. ఎక్కించడం తేలికే. అది సగంలో ఆగిపోతే బండి ఏమవుతుందో ముందే ఆలోచించి టెస్ట్ కేసులుగా రాయడం కష్టం. ఈ పాఠం దాని గురించే.

బెంగళూరు మారతహళ్లిలో మా గదికి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు ఈ పనిలోనే చేరాడు. మొదటి వారమే సంబరంగా వచ్చి, "అన్నా, వెర్షన్ నంబర్ మారింది, టెస్ట్ పాస్" అన్నాడు.

"ఎక్కుతుండగా ప్లగ్ పీకి చూశావా?"

"అలా ఎవరు పీకుతారన్నా?"

మనుషులెవరూ పీకరు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మూడు వారాలు కదలకుండా పడున్న కారు బ్యాటరీ ఆ పని చేస్తుంది. ఎలక్ట్రిక్ కారైనా అంతే. కింద అంత పెద్ద బ్యాటరీ ఉన్నా, ఈసీయూలకు కరెంటు ఇచ్చేది మామూలుగా ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీయే.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. టెస్టర్‌కీ (అప్‌డేట్ ఎక్కించే పరికరం) ఈసీయూకీ మధ్య నడిచే భాష యూడీఎస్, ప్రమాణం ఐఎస్ఓ 14229. ముందు 10 అనే సర్వీస్‌తో ప్రోగ్రామింగ్ సెషన్‌లోకి వెళ్లాలి. 27తో తాళం తీయించుకోవాలి. తర్వాత పాత సాఫ్ట్‌వేర్‌ని చెరపాలి. 34 అంటే "పంపనా?" అని అడగడం, 36 అంటే ముక్కలుగా పంపడం, 37 అంటే "అయిపోయింది" అని చెప్పడం. వచ్చింది సరైనదేనా, డిజిటల్ సంతకం కుదిరిందా అని ఈసీయూ చూసుకున్నాక 11తో రీసెట్. ఈ అంకెలన్నీ హెక్సాలో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతి) చదవాలి.

దీనికి ఎంతసేపు పడుతుంది? లెక్క వేద్దాం. ఫైలు 2 ఎంబీ, బస్ వేగం 500 కేబీపీఎస్ అనుకోండి. పాత తరహా క్యాన్ ఫ్రేములో (బస్ మీద వెళ్లే ఒక్కో సందేశం) 8 బైట్లు పడతాయి, అందులో ఒకటి వరస నంబరుకు పోతే మనకు మిగిలేది 7. అంటే దాదాపు 3 లక్షల ఫ్రేములు. ఫ్రేముకు సుమారు 130 బిట్లు అనుకుంటే సెకనుకు 3,800 ఫ్రేములు మించి వెళ్లవు. బస్ మొత్తం మనకే వదిలేసినా 80 సెకన్లు. చెరపడం, సరిచూడటం కలిపితే ఇంకా ఎక్కువే. అంతసేపూ ఆ ఈసీయూ ఖాళీ పలకలాంటిది. కరెంటు పోవడానికి అది చాలా పెద్ద సమయం.

కాబట్టి టెస్ట్ ప్లాన్‌లో మూడు గడులు గీయండి: ఎక్కడ తెంచాం, తర్వాత ఈసీయూ ఏ స్థితిలో ఉండాలి, డ్రైవర్‌కి ఏం కనబడాలి. చెరిపిన వెంటనే ఒకసారి తెంచండి. సగం ముక్కలు వెళ్లాక, 37 తర్వాత, రీసెట్ మధ్యలో కూడా తెంచండి. స్క్రీన్ నడిపే పెద్ద కంప్యూటర్లలో సాధారణంగా రెండు అరలుంటాయి. కొత్తది ఒక అరలో రాస్తూ పాతదాన్ని రెండో అరలో అలాగే ఉంచుతారు. చిన్న ఈసీయూలు చాలావాటిలో అంత చోటు లేదు, అక్కడ బూట్‌లోడరే (ఈసీయూ లేవగానే ముందు నడిచి, కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఎక్కించుకునే చిన్న ప్రోగ్రాం) దిక్కు. దాన్ని మాత్రం చెరపనివ్వకూడదు.

మూడో గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ వర్తించే ఆర్156 అనే ఐక్యరాజ్యసమితి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నిబంధన ఆ గడినీ పట్టించుకుంటుంది: అప్‌డేట్ ఎందుకో, ఎంతసేపో యజమానికి చెప్పాలి, తగినంత కరెంటు ఉంటేనే మొదలుపెట్టాలి, చెడిపోతే పాత వెర్షన్‌కో సురక్షిత స్థితికో చేరాలి. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో యూరప్ బండ్ల కోడ్ రాసేవాళ్లకు ఈ పేరు వింటే టెన్షన్.

నా తప్పు కూడా చెప్పేస్తాను. ఒకచోట ల్యాబ్ బెంచ్ మీద పవర్ సప్లైని ఎప్పుడూ 13.5 వోల్టుల దగ్గరే పెట్టి పరీక్షించేవాణ్ణి. రిపోర్టంతా పచ్చగా ఉండేది. అసలు బండిలో వోల్టేజ్ దిగగానే ఒక ఈసీయూ బూట్‌లోడర్‌లోనే కూర్చుండిపోయింది. అర్ధరాత్రి కేబుల్ పట్టుకుని పార్కింగ్‌కి పరుగెత్తింది నేనే. అప్పటి నుంచి వోల్టేజ్‌ని మెల్లగా దించుతూ చేసే టెస్ట్ నా జాబితాలో మొదటిది.

ఇన్ని చేసినా ఇంకో గండం ఉంది: పరీక్షించింది ఒకటి, పంపింది ఇంకొకటి. 2023 నవంబర్‌లో అమెరికా ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీ రివియన్‌కి జరిగింది ఇదే. 2023.42 అప్‌డేట్‌లో తప్పు సెక్యూరిటీ సర్టిఫికెట్లున్న బిల్డ్ (తయారైన సాఫ్ట్‌వేర్ ఫైలు) బయటికి వెళ్లిపోయింది. బండ్లు నడిచాయి కానీ స్క్రీన్లు పోయాయి. దాదాపు 3 శాతం బండ్లకు చేరేసరికి ఆపగలిగారు. ఒకేసారి అందరికీ వదలకుండా విడతలుగా పంపేది ఇందుకే. పంపబోయే ఫైలు హ్యాష్‌నీ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్), ల్యాబ్‌లో పాసైన ఫైలు హ్యాష్‌నీ పక్కపక్కన పెట్టి చూడటం రెండు నిమిషాల పని.

ఇంటిపని: ఫైలు 4 ఎంబీ, బస్ వేగం 250 కేబీపీఎస్. ఎంతసేపు పడుతుందో లెక్క కట్టండి. అందులో పదో వంతు వెళ్లాక కరెంటు పోయింది, అప్పుడే యజమాని తలుపు తీసి లోపల కూర్చున్నాడు. మూడు గడులూ నింపండి. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామంటే ఈసీయూ కొన్నిసార్లు ఎందుకు ఒప్పుకోదో వచ్చే పాఠంలో చూద్దాం.